కొండ పల్లెల్లో 40 ఇళ్ళు: మట్టి బ్లాకులు అంచులు రాలుతున్నాయి, జూన్ లోపు కప్పులు పడాలి

గుణుపురం_సైట్
ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం ఎగువన మూడు పల్లెలు, మొత్తం 40 ఇళ్ళు. ఒక్కోటి వంటిల్లుతో కలిపి 25 చదరపు మీటర్లు. మొదటి పల్లె తారు రోడ్డు మీదే, 16 ఇళ్ళు. రెండోదానికి మట్టి రోడ్డు, ట్రాక్టరు వెళ్తుంది, 13. మూడోది కొండ మీద, కాలిబాటే, 11. గోడకి సిమెంటు కలిపి నొక్కిన మట్టి బ్లాకు, ఇంటర్‌లాక్ రకం (ఒకదానిలో ఒకటి ఇరుక్కునేది), 290×140×100 ఎంఎం. చేతి ప్రెస్సు ఒకటి. బాగా సాగితే రోజుకి 400. మట్టి అక్కడిదే, ఎర్రది. సిమెంటు 6 శాతం.

ఇప్పటికి 14 ఇళ్ళు ప్లింత్ (పునాది మీది పీఠం) దాకా వచ్చాయి. రెండో పల్లెలో 3 ఇళ్ళకి గోడలు లేచాయి. కప్పు ఒక్కటీ పడలేదు. బ్లాకు అచ్చులోంచి తీస్తుంటేనే అంచులు రాలుతున్నాయి, పదిలో రెండు పక్కన పడేస్తున్నాం. లేచిన గోడల్లో కిటికీ కింది మూలల నుంచి జుట్టు పగుళ్ళు. పైగా ఫిబ్రవరి సగం అయిపోయింది, జూన్ రెండో వారానికి వాన దిగుతుంది. బ్లాకు వాళ్ళు వచ్చి చూసి "ఇవన్నీ మానేసి మామూలు ఇటుక, మామూలు స్లాబు కట్టుకోండి" అని చెప్పి పోయారు. మానెయ్యాలా, బాగుచేసుకోవాలా?

రసమట్టం
ఏ బ్లాకు వాళ్ళు? ఆఫీసు బ్లాకా, మట్టి బ్లాకా?

గుణుపురం_సైట్
ఆఫీసు బ్లాకు. మట్టి బ్లాకు మాట్లాడదు, విరుగుతుంది అంతే.

బరంపురం_బిల్లులు
ముందు ఒకటి తేల్చండి. ఇది ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ ఇళ్ళ పథకం అయితే కాంట్రాక్టరుకి ఇవ్వడానికి లేదు, లబ్ధిదారే కట్టుకోవాలి. మీరు ఏ హోదాలో ఉన్నారు?

గుణుపురం_సైట్
ఆ పథకమే. కడుతున్నది ఎవరి ఇల్లు వాళ్ళే. సామాను కలిపి కొనిపెట్టడం, మేస్త్రీలకి శిక్షణ, సాంకేతిక సాయం, ఇంతవరకే మాది. ఇంటికి 1.30 లక్షలు, 95 ఉపాధి పని దినాలు, మరుగుదొడ్డికి 12,000. ఆ డబ్బులోనే తేలాలి.

పర్లాకిమిడి_తాపీ
ఫొటోలు చూశాను. అది బ్లాకు కాదు, సున్నుండ. రెండు అడగాలి. మట్టి, సిమెంటు కలిపిన కుప్ప ఎంతసేపు వాడుతున్నారు? తీసిన బ్లాకు ఎన్నో రోజున గోడ ఎక్కుతోంది?

గుణుపురం_సైట్
కుప్ప పొద్దున్న ఒకసారి కలుపుతారు, మధ్యాహ్నం భోజనాల దాకా వస్తుంది. బ్లాకు వారం రోజులకి గోడ ఎక్కుతోంది. ఒక్కోసారి ఆరో రోజే.

పర్లాకిమిడి_తాపీ
దొరికింది దొంగ. తడి తగిలిన అరగంటలో కుప్ప అయిపోవాలి. తర్వాత సిమెంటు తన పని తను మొదలెట్టేస్తుంది. సగం బిగిసిన దాన్ని మీరు ప్రెస్సులో నలిపి మళ్ళీ విరగ్గొడుతున్నారు. పది గంటలకి తీసిన బ్లాకులో సిమెంటు ఉన్నా లేనట్టే. పావు బస్తా సిమెంటుకి సరిపడా మట్టే ఒక కుప్ప. పొడిగా రెండుసార్లు తిప్పి, అప్పుడు నీళ్ళు చిలకరించాలి. బకెట్టుతో గుమ్మరించకూడదు, చిల్లుల డబ్బాతో చల్లాలి.

కొండదారి
సిమెంటు 10 శాతానికి పెంచేస్తే సరి. గొడవ వదిలిపోతుంది.

లెక్కలమ్మ
వదలదు, డబ్బు వదులుతుంది. బంకమన్ను ఎక్కువైన మట్టికి ఎంత సిమెంటు పోసినా ఎండేటప్పుడు ముడుచుకుంటుంది. మట్టిలో ఏముందో చూడకుండా శాతం పెంచడం, ఉప్పు చూడకుండా చింతపండు పిసకడం లాంటిది.

సైట్ గారూ, ఇవి రేపే చెయ్యండి, ల్యాబు అక్కర్లేదు.

సీసా పరీక్ష: పై మట్టి ఒక అడుగు, అడుగున్నర తీసేసి (వేళ్ళు, ఆకు కుళ్ళు ఉంటాయి) కింద మట్టి తీసుకోండి. నిటారుగా ఉండే గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు. బాగా కుదిపి గంట ఆగి మళ్ళీ కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో దిగిపోతుంది, ఒండ్రు అరగంటకి, బంక పేరుకోవడానికి ఒక రోజు. మర్నాడు స్కేలు పెట్టి మూడు పొరలూ కొలవండి. సిమెంటు బ్లాకుకి గులకతో కలిపి ఇసుక 65 శాతం దగ్గర, ఒండ్రు 15, బంక 20 ఉంటే బంగారం.

ముడుత పరీక్ష: 60 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 4 లోతు ఉండే చెక్క పెట్టె. లోపల నూనె రాసి తడి మట్టి కుక్కి నీడలో ఆరనివ్వండి. ఎండాక ముక్కలన్నీ ఒక పక్కకి జరిపి ఖాళీ కొలవండి. 15 ఎంఎం లోపు అయితే తక్కువ సిమెంటు సరిపోతుంది. 45 దాటితే ఇసుక కలపకుండా ముందుకి పోవద్దు.

తడి చూడడానికి: కలిపిన మట్టి పిడికిట్లో ఉండ కట్టి భుజం ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే సరి. పొడైపోతే నీరు చాల్లేదు. అప్పంలా అతుక్కుపోతే ఎక్కువైంది. ఇది ప్రతి కుప్పకీ చెయ్యాలి, రోజుకి ఒకసారి కాదు. ఎండ ముదిరాక కుప్ప ఆరిపోతుంది. అంచులు రాలడంలో సగం పాపం దానిదే.

రసమట్టం
సున్నుండ, అప్పం, చింతపండు. ఆకలేస్తోంది, కాస్త సిమెంటు మాట్లాడండి.

పర్లాకిమిడి_తాపీ
ఇంకోటి. ప్రెస్సులో మట్టి పోసేవాడు చేతి లెక్కన పోస్తే ఒక బ్లాకు 98 ఎంఎం, ఒకటి 103 వస్తుంది. మామూలు గోడలో ఆ తేడా వరసల మధ్య సున్నం (సిమెంటు, ఇసుక ముద్ద) మింగేస్తుంది. ఇంటర్‌లాక్‌లో మధ్య సున్నం లేదు, ఆరు వరసలు లేచేసరికి గోడ ఊగుతుంది. కాటా పెట్టుకోండి. ఈ సైజు బ్లాకు ఎండాక ఏడున్నర కిలోలు ఉంటుంది, తడితో ఎనిమిదీ చిల్లర. ఆ తూకానికి ఒక డబ్బా కోసి అంచు దగ్గర గీసి పొయ్యండి. తీసిన ప్రతి పదో బ్లాకుని గేజిలో పెట్టి చూడాలి. అటూ ఇటూ ఒక ఎంఎం దాటితే పక్కకి.

తీసినవి మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ కప్పి నీడలో. తర్వాత గోనె కప్పి నీళ్ళు చల్లుతూ 28 రోజులు. ఆరో రోజు గోడ ఎక్కించారు కాబట్టి ముడుచుకోవడం గోడలో జరిగింది. మీ పగుళ్ళలో ఇదొకటి.

జయపురం_జేఈ
రెండోది కిటికీ కింద బ్యాండు (గోడ చుట్టూ తిప్పే కడ్డీ కాంక్రీటు పట్టీ) లేకపోవడం. ఫొటోలో సిల్ (కిటికీ అడుగు మట్టం) దగ్గర కడ్డీ లేదు. కిటికీ కింద బరువు లేదు, పక్కన ఉంది. ఆ తేడా మూల దగ్గర గోడని చీలుస్తుంది. యు ఆకారం బ్లాకు పరిచి 8 ఎంఎం కడ్డీలు రెండు, చుట్టూ తెగకుండా, 12 ఎంఎం చిప్స్ (సన్న కంకర) కాంక్రీటు. లింటెల్ (తలుపు, కిటికీ పై మట్టం) మీద కూడా అంతే. మూలల్లో ప్లింత్ నుంచి 12 ఎంఎం కడ్డీ నిటారుగా లేపి బ్లాకు రంధ్రంలో గ్రౌటు (పలచటి సిమెంటు ముద్ద) పోసుకుంటూ కప్పు బ్యాండులో వంచి కట్టెయ్యాలి. మా వైపు భూకంపం భయం తక్కువే గానీ మీది తుపాను దారి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల మీద ఏం చేసిందో ఇక్కడ అందరికీ తెలుసు. కప్పు నుంచి పునాది దాకా ఒక్క గొలుసులా కట్టి ఉండాలి.

గుణుపురం_సైట్
లేచిన 3 ఇళ్ళూ పీకాలా?

జయపురం_జేఈ
పీకొద్దు. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత, తేదీ వెయ్యండి. నాలుగు వారాలు చూడండి. గీత దాటకపోతే ముడుత ఆగిపోయినట్టే, గాడి తీసి సన్న సిమెంటు మట్టి ముద్దతో పూడ్చెయ్యండి. గీత దాటి పాకుతుంటే కింద పునాది చూడాలి, గోడ కాదు. లింటెల్ బ్యాండు మాత్రం ఆ మూడింటికీ చుట్టూ తిప్పాల్సిందే.

మైవాన్_మామ
ఇంత తిప్పలు దేనికండీ. అల్యూమినియం ఫార్మ్‌వర్కు (కాంక్రీటు పోసే పలకల అచ్చు) ఒక సెట్టు తెచ్చుకోండి. గోడ, కప్పు ఒకే దెబ్బలో పడతాయి. మర్నాడు విప్పి పక్క ఇంటికి. ప్లాస్టరింగు కూడా అక్కర్లేదు. 40 ఇళ్ళు నలభై ఐదు రోజుల్లో.

బరంపురం_బిల్లులు
మామా, లెక్క వేద్దాం. ఈ ఇంటికి గోడ 60 చదరపు మీటర్లు. రెండు వైపులా 120, కప్పు ఇంకో 28, దగ్గర దగ్గర 150 చదరపు మీటర్ల పలకలు. మీటరుకి 20 కిలోలు వేసుకున్నా మూడు టన్నులు. అది కాలిబాటన ఎవరు మోస్తారు? 100 ఎంఎం గోడ 6 ఘనపు మీటర్లు, కప్పు 3, మొత్తం 9. ఆగకుండా ఒకే రోజు పడాలి. 10/7 సైజు కాంక్రీటు మిక్సరు ట్రిప్పుకి 0.2 ఘనపు మీటరు ఇస్తుంది, అంటే 45 ట్రిప్పులు. మధ్యలో మిక్సరు మొరాయిస్తే గోడ నడుమున అతుకు. ఎం25 రకం, చిప్స్‌తో పారే కాంక్రీటుకి ఘనపు మీటరుకి ఏడున్నర బస్తాలు తక్కువ కాదు. గోడ, కప్పుకే 68 బస్తాలు. పైగా ఆ సెట్టు రెండొందల యాభైసార్లు తిరగాల్సిన సామాను, నలభైతో మూలన పడితే ఆ ఖర్చు ఎవరి నెత్తిన?

మైవాన్_మామ
అద్దెకి దొరుకుతుంది.

లెక్కలమ్మ
దొరుకుతుంది, వేరే ఇంటి ప్లానుకి చేసింది. మీ ప్లానుకి సరిపడాలంటే మూల ముక్కలు, పూరక ముక్కలు కొత్తగా చేయించాలి. విప్పాక వాల్ టై (రెండు వైపుల పలకల్ని కలిపి పట్టే పట్టీ) రంధ్రాలు పూడ్చకపోతే వానకి ప్రతి రంధ్రమూ ఒక కుళాయి. 100 ఎంఎం కాంక్రీటు గోడ ఇంట్లో రాయగడ మే నెల ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి. ఒకే చోట ఏడెనిమిది వందల ఫ్లాట్లు, నాలుగంతస్తులు అంటే మామ మాటే మాట. చెదురుమదురు 40 ఇళ్ళకి కాదు.

మైవాన్_మామ
చెదురుమదురుకి కాదని ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను.

సిరొంచ_సివిల్
మా సిరొంచ దిక్కు ఎర్రమట్టి కథలు నడవవు. నల్లరేగడి. వానకి ఉబ్బుతది, ఎండకి నెర్రెలు ఇస్తది. దాంతోని బ్లాకు చేస్తే పాపడమే. గోదావరి మీద వంతెన పడ్డ కాన్నుంచి రామగుండం దిక్కు నుంచి కరెంటు ప్లాంటు బూడిద ఇటుక వస్తది. దాంతోని ర్యాట్‌ట్రాప్ (ఇటుక నిలవెట్టి నడుమ బోలు ఇడిసే గోడ) కడుతున్నరు. మీకు తారు రోడ్డు మీది 16 ఇళ్ళకి మట్టి బ్లాకు ఎందుకు? అక్కడ బూడిద ఇటుక దింపుకోండ్రి. ప్రెస్సు కొండ మీదికి తోలుండ్రి.

లెక్కలమ్మ
సిరొంచ గారు అసలు మాట చెప్పారు. చదరపు మీటరుకి 34.5 చొప్పున ఇంటి గోడ 60 చదరపు మీటర్లకి 2,070, విరిగేవి కలిపి 2,200 బ్లాకులు. గోడలు లేవాల్సిన 37 ఇళ్ళకి 81,400. రోజుకి 400 అంటే 203 రోజులు. మీ చేతిలో ఉన్నవి వంద. ఒక్క ప్రెస్సుతో అయ్యేదే కాదు, మట్టి బాగున్నా బాగోకపోయినా. అదే కొండ మీది 11 ఇళ్ళకే అయితే 24,200, అరవై రోజులు. సరిపోతుంది.

గుణుపురం_సైట్
ర్యాట్‌ట్రాప్ మా మేస్త్రీలకి కొత్త. ఇటుక పావు వంతు మిగులుతుందంటారు, నిజమేనా? ఇక్కడ దొరికే బూడిద ఇటుక 230×110×75.

బరంపురం_బిల్లులు
పావు వంతు అనేది 115 వెడల్పు ఇటుకకి. ర్యాట్‌ట్రాప్‌లో ఇటుక అంచు మీద నిలబడుతుంది కాబట్టి ఆ వెడల్పే వరస ఎత్తు అవుతుంది. రెండు నిలువు, ఒకటి అడ్డం, మూడు ఇటుకలకి 325 ఎంఎం పొడవు. 115 అయితే చదరపు మీటరుకి 74, 110 అయితే 77. మామూలు తొమ్మిదంగుళాల గోడకి 98. అంటే మీకు మిగిలేది ఇరవై ఒకటి, ఇరవై రెండు శాతం. ఇంటికి 4,620, విరిగేవాటితో 4,850. రోడ్డున్న రెండు పల్లెల్లో మిగిలిన 26 ఇళ్ళకి లక్షా ఇరవై ఆరు వేలు. ఇటుక మూడు కిలోలు దాటుతుంది, ఇంటికి పదిహేను టన్నులు, ట్రాక్టరు నాలుగైదు ట్రిప్పులు. బట్టీ దగ్గర ధర చూసి సంబరపడొద్దు, ఇంటి ముందు దిగిన ధర రాసుకోండి.

పర్లాకిమిడి_తాపీ
లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు కేరళలో ఎన్నో ఇళ్ళు కట్టి చూపించిన గోడ అది, భయం అక్కర్లేదు. మేస్త్రీ మొదటి రెండు రోజులు తిట్టుకుంటాడు, మూడో రోజు ఈల వేస్తాడు. చూసుకోవాల్సినవి చెప్తాను.

మొదటి వరస, సిల్, లింటెల్, కప్పు కింది వరస గట్టివి, బోలు వదలకూడదు. తలుపు, కిటికీ పక్కలు కూడా గట్టివే, లేకపోతే చట్రం పట్టు ఉండదు. మధ్య బోలు 80 ఎంఎం. ఆ వెడల్పు చెక్క బద్ద ఒకటి కోసి బోలు మీద పెట్టి సున్నం పరిస్తే ముద్ద లోపల పడదు. ఆ బద్ద లేకుండా కట్టే మేస్త్రీ మిగిల్చిన సున్నం అంతా బోల్లోకే పోస్తాడు, కింద చెమ్మకి దారి ఇస్తాడు. బూడిద ఇటుక నీళ్ళు గట్టిగా తాగుతుంది. కట్టే ముందు తడపాలి, కానీ కారుతూ ఉండకూడదు. వైర్ల పైపు బోల్లోంచి ముందే దింపుకోండి, తర్వాత గాడి కొడితే గోడ పగులుతుంది. బయట అతుకులు నిండుగా పాయింటింగు చెయ్యాలి. వాన కొట్టే పడమటి గోడకి మరీ.

ఇటుక వచ్చినప్పుడు రెండు తీసి ఒకదానితో ఒకటి కొట్టండి, ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. 24 గంటలు నానబెట్టి తూచండి, నీరు 20 శాతం దాటితే లోడు వెనక్కి పంపండి.

కొండదారి
ఆ మూడో పల్లెకి మట్టి బ్లాకే సరి అంటున్నారు, మట్టిలో ఇసుక కలపాల్సి వస్తే? ఆ ఇసుక కొండ ఎక్కాలి కదా. ఇటుక మోసినా ఇసుక మోసినా మెడ ఒకటే.

లెక్కలమ్మ
మంచి ప్రశ్న. సీసా ఏం చెప్పిందో చూద్దాం.

గుణుపురం_సైట్
సీసా చూశాం. ఇసుక 48, ఒండ్రు 22, బంక 30. ముడుత పెట్టెలో 41 ఎంఎం ఖాళీ వచ్చింది. మట్టి ఎర్రగా ఉంటే చాలనుకున్నాం.

లెక్కలమ్మ
రెండు పాళ్ళ మట్టికి ఒక పాలు ఇసుక. బంక 30ని ఒకటిన్నరతో భాగిస్తే 20. ఒండ్రు 22 కాస్తా 15 దగ్గర. ఇసుక 48కి 50 కలిపి భాగిస్తే 65. అచ్చం కావాల్సిందే వచ్చింది. సిమెంటు 6 శాతమే ఉంచండి, పెంచక్కర్లేదు. బస్తాకి 110 బ్లాకులు రావాలి. 130 వస్తున్నాయంటే ఎవరో సిమెంటు మిగిలిస్తున్నారు. 90 వస్తే పారబోస్తున్నారు. రోజూ సాయంత్రం ఖాళీ సంచులూ బ్లాకులూ లెక్కపెట్టండి, అంతకన్నా పెద్ద తనిఖీ లేదు.

కొండదారి గారి లెక్క: ఇంటికి 2,200 బ్లాకులు, పదహారున్నర టన్నులు. అందులో మూడో వంతు ఇసుక అంటే అయిదున్నర టన్నులు. అదే ఇటుక మోస్తే పదిహేను. మూడో వంతుకి తగ్గింది.

పర్లాకిమిడి_తాపీ
కొండ మీద గెడ్డ (వాగు) లేదా? గెడ్డ ఇసుక చాలు. 5 ఎంఎం జల్లెడ పట్టి, అరచేతిలో రుద్ది చూడండి. చెయ్యి మరకైతే ఒండ్రు ఉన్నట్టు, ఒకసారి కడిగి వాడండి. మోత ఉండదు.

గుణుపురం_సైట్
గెడ్డ ఉంది, పల్లెకి అర కిలోమీటరు. ఫిబ్రవరిలో పక్క మీద ఇసుక మేట ఉంటుంది.

కొండదారి
అయితే మెడ బతికింది.

ప్రీకాస్ట్_ప్రియుడు
గోడల గురించి ఇంత మాట్లాడారు, కప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. మిమ్మల్ని జూన్‌లో ముంచేది కప్పే. మామూలు స్లాబుకి సెంట్రింగు కింద ప్రాపులు (మోసే గుంజలు) ఏడు రోజులకి తగ్గకుండా ఉండాలి, పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటుతో ఇంకా ఆగడం మంచిది. బిగించడం, విప్పడం, మొయ్యడం కలిపి ఒక సెట్టు పది రోజులకి ఒక ఇల్లు. వంద రోజుల్లో పది. 40 కప్పులకి నాలుగు సెట్లు, అందులో ఒకటి కొండ మీద. అది దొరకదు.

రూర్కీ సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్ళ ప్లాంక్, జాయిస్టు పద్ధతి పెట్టండి. ప్లాంక్ అంటే ముందే పోసుకున్న కాంక్రీటు పలక, జాయిస్టు అంటే దాన్ని మోసే చిన్న దూలం. ప్లాంక్ 30 సెంటీమీటర్ల వెడల్పు, 1.45 మీటర్ల పొడవు, నడుమ 6 సెంటీమీటర్లు, అంచుల్లో 3కి పలచన. బరువు 50 కిలోల పైచిలుకు, ఇద్దరు ఎత్తేస్తారు. జాయిస్టు 15×15 సెంటీమీటర్లు, 3 మీటర్లు, 160 కిలోలు, ఆరుగురు కావాలి. మీ ప్లానులో రెండు గదులు కాబట్టి గదికి రెండు జాయిస్టులు, ఇంటికి 4. ప్లాంకులు 60. 60 అచ్చులు పెట్టుకుంటే రోజుకి ఒక ఇంటి కప్పు నేల మీద తయారు. ప్లాంకులకి కాంక్రీటు ఒకటీ మూడో వంతు ఘనపు మీటరు, అంటే మిక్సరు ఏడు ట్రిప్పులు. సెంట్రింగు అసలు లేదు, జాయిస్టు నడిమిన ఒక్క ప్రాపు లైను.

రసమట్టం
కారుతుంది. ప్లాంకు కప్పులన్నీ మూడో వానకి అతుకుల్లో కారతాయి.

ప్రీకాస్ట్_ప్రియుడు
కారేది ప్లాంకు వల్ల కాదు, పైన పోసేదాని వల్ల. అంచుల పల్లంలో పోసే కాంక్రీటు తడిపిన ప్లాంకు మీద పడాలి, పొడి ప్లాంకు నీళ్ళన్నీ లాగేసుకుంటుంది. జాయిస్టు మీద అడ్డంగా పై కడ్డీ ఉండాలి, అది లేకపోతే ఆ గీత మీదే పగులు. ఆ పైన 40 ఎంఎం కాంక్రీటు, సన్న జాలీతో. వాలు నూటికి ఒకటైనా. ఇవి చేసి చూడండి, కారితే నన్ను తిట్టండి.

రసమట్టం
తిట్టడానికి హక్కు ఇచ్చారు, రాసిపెట్టుకున్నాను.

జయపురం_జేఈ
ప్రియుడు చెప్పనిది ఒకటి. ప్లాంకు కడ్డీ కింది వైపు ఉంటుంది. మోసేటప్పుడు బోర్లా తిప్పితే దాని బరువుకే నడుమ పగుళ్ళు పడతాయి, కంటికి కనబడవు, కప్పెక్కాక కనబడతాయి. అచ్చులోంచి తీయగానే పై ముఖాన రంగు చుక్క, పోసిన తేదీ. భుజం మీద అడ్డంగా మోసుకెళ్ళడం నిషేధం. రెండు కొసలా పట్టుకుని, చుక్క ఆకాశం వైపు. పేర్చేటప్పుడు కొసల దగ్గర బద్దలు, అన్ని వరసల్లో బద్దలు ఒకే నిలువులో.

గుణుపురం_సైట్
కొండ పల్లెకి ప్లాంకులు మోయించాలా, అక్కడే పొయ్యాలా?

ప్రీకాస్ట్_ప్రియుడు
అక్కడే పొయ్యండి. 20 అచ్చులు పైకి, 40 కింద. ప్లాంకు మోస్తే అది తిరగబడుతుంది, జారితే మనిషికి దెబ్బ. చిప్స్, సిమెంటు సంచుల్లో ఎక్కించడం సులువు.

బరంపురం_బిల్లులు
కొండ మీద ఇంటికి బ్లాకులకి 20 బస్తాలు, ప్లాంకులకి 11, జాయిస్టులకి 2, పై కాంక్రీటుకి 10, గ్రౌటు, బ్యాండులకి కొన్ని. ప్లింత్ పైన 50 బస్తాలు అనుకోండి. 11 ఇళ్ళకి 550. ఒకేసారి ఎక్కించి పెడితే గట్టిపడిపోతాయి. రెండు ఇళ్ళకి సరిపడా పైన, చెక్క మెట్టు మీద, గోడకి అడుగు ఎడంగా. ముందు ఎక్కినవి ముందు దిగాలి.

లెక్కలమ్మ
మార్చి, ఏప్రిల్ ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారేసరికి ఆడవాళ్ళు, పిల్లలు చెట్ల కింద ఉంటారు, తొమ్మిది దాటితే గానీ రారు. ఆ మీద చైత పరబ్ (చైత్ర మాసపు పండగ). హాజరు పట్టీ చూసి తిట్టి లాభం లేదు, పని వేళలు మార్చండి. పొద్దున మట్టి తవ్వడం, జల్లెడ మగవాళ్ళతో. ప్రెస్సు పది నుంచి. ఎండలో కుప్ప ఆరిపోతుంది కాబట్టి ప్రెస్సు మీద పందిరి తప్పనిసరి.

సిరొంచ_సివిల్
మా దగ్గర తునికాకు వస్తే సైటు మొత్తం బందే. జర ముందే జాగ్రత్త పడుండ్రి. కూలీలు లేనప్పుడు తడి పెట్టేటోడు ఒక్కడు ఉంటే చాలు, వానికి దినాం కూలి ఇయ్యుండ్రి. తడి ఆగితే అన్ని పైసలు మట్టిల పోసినట్టే.

జయపురం_జేఈ
తడికి నీళ్ళు ఎక్కడివి? 60 ప్లాంకులు రెండు వారాలు తడిలో ఉండాలి. గెడ్డ నుంచి పైపు వేస్తారా?

గుణుపురం_సైట్
ఊట దగ్గర నుంచి తాగునీటి పైపు ఉంది. అది వాడితే ఊరు ఊరుకోదు.

పర్లాకిమిడి_తాపీ
వాడొద్దు. గెడ్డ పక్కనే అచ్చుల చోటు పెట్టండి. నేల చదును చేసి నాలుగు వైపులా ఒక బ్లాకు ఎత్తు గట్టు, ప్లాస్టిక్ పట్టా పరిచి నీళ్ళు నింపితే అదే తొట్టి. ప్లాంకులు నిలువుగా కాకుండా చుక్క పైకి పెట్టి ముంచండి. మే నెలకి గెడ్డ సన్నబడుతుంది, అందుకే కొండ పని ముందు, రోడ్డు పని తర్వాత. మీరు తిరగేసి మొదలుపెట్టారు.

రసమట్టం
ఒడియా మేస్త్రీలకి చెప్పేటప్పుడు జాగ్రత్త. వాళ్ళకి ఛాత అంటే పైకప్పు. మనవాళ్ళు విని చాట తెస్తారు.

బరంపురం_బిల్లులు
చాట కూడా పనికొస్తుంది, చిప్స్ ఎత్తడానికి.

గుణుపురం_సైట్
ఇలా అనుకుంటున్నాం. ప్రెస్సు ఈ ఆదివారం కొండ మీదికి, మట్టి రెండు పాళ్ళు, గెడ్డ ఇసుక ఒకటి, కుప్పకి పావు బస్తా సిమెంటు. అక్కడి 11 ఇళ్ళు మొదట. రోడ్డు మీది 26కి బూడిద ఇటుక ర్యాట్‌ట్రాప్, మొదటి ఇల్లు శిక్షణ ఇల్లు, అందరు మేస్త్రీలూ దాని మీదే నేర్చుకుంటారు. కప్పులన్నీ ప్లాంకు, జాయిస్టు. పగుళ్ళ ఇళ్ళకి పెన్సిల్ గీతలు పెట్టాం.

జయపురం_జేఈ
ర్యాట్‌ట్రాప్ ఇళ్ళకి మూల కడ్డీ బోల్లోంచి పైకి రావాలి. ప్లింత్ పోసేసిన 14 ఇళ్ళలో కడ్డీ వదిలారా?

గుణుపురం_సైట్
9 ఇళ్ళకి వదిలాం. 5కి లేదు.

జయపురం_జేఈ
ఆ 5కి మూలల్లో రంధ్రం తొలిచి 12 ఎంఎం కడ్డీ ఎపాక్సీ (గట్టి రసాయన జిగురు)తో నాటండి. రంధ్రం 16 ఎంఎం, లోతు 150కి తగ్గకుండా. దుమ్ము ఊది, బ్రష్ పెట్టి, మళ్ళీ ఊది, అప్పుడు ఎపాక్సీ. దుమ్ము మీద పోస్తే కడ్డీ చేత్తో ఊడి వస్తుంది. మర్నాడు ఒక్కోటీ గట్టిగా లాగి చూడండి.

ప్రీకాస్ట్_ప్రియుడు
అచ్చులు ఏంటితో చేయిస్తున్నారు?

గుణుపురం_సైట్
గుణుపురంలో వెల్డింగు షాపు. 3 ఎంఎం రేకు, మూలల్లో యాంగిలు. లోపల వాడేసిన ఇంజిన్ ఆయిలు రాద్దామని.

ప్రీకాస్ట్_ప్రియుడు
వాడేసిన ఆయిలు వద్దు. కప్పు లోపలి ముఖం నల్లగా మరకలు పడుతుంది, వెల్ల అంటదు. కొత్త షట్టరింగు ఆయిలు పలచగా గుడ్డతో రాయండి, అడుగున మడుగు కట్టకుండా. కడ్డీ పెట్టే ముందే రాయాలి, కడ్డీకి అంటితే కాంక్రీటు పట్టదు. అచ్చు పక్కలకి కాస్త ఏటవాలు ఉందా? నిటారుగా ఉంటే తీసేటప్పుడు సన్న అంచు విరుగుతుంది.

గుణుపురం_సైట్
నిటారుగానే చెప్పాం. ఇప్పుడే షాపుకి ఫోను చేస్తాను, ఇంకా ఆరే అయ్యాయట.